ఏ ఊరు, ఎవరి నోట

"మా ఊర్లో ఏముంది సార్, రాళ్లూ దుమ్మూ తప్ప." బళ్లారిలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పిన రోజుల్లో ఈ మాట వినని సంవత్సరం లేదు. 2003 నుంచి చాలా ఏళ్లు ఆ పని చేశాను. మోకా, రూపనగుడి, కురుగోడు, సిరుగుప్ప వైపు నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చేవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. హాజరుపట్టీలో పేర్లు ఏమున్నా తరగతిలో ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లు. నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి, ఇక్కడా అట్లాగే రాస్తాను.

ఈ పిల్లలకు తెలుగు చదవడం రాదు కదా, సాహిత్యం ఎట్లా చెబుతారని బయటివాళ్లు అడిగేవారు. చదవడం పెద్ద అడ్డంకి కాదు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తలకట్టు తేడా చెప్పి, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు విడిగా చూపిస్తే చాలు, కొద్ది రోజుల్లోనే కూడబలుక్కుని చదివేస్తుంది. అసలు అడ్డంకి వాళ్ల మనసులో ఉండేది. తెలుగు సాహిత్యమంటే రాజమండ్రి, విజయవాడ. కన్నడ సాహిత్యమంటే మైసూరు, ధారవాడ. రెండు భాషలు నోట్లో ఉన్న పిల్లకు రెండూ పరాయి వాళ్ల సొత్తుగానే కనబడేవి. పరిశోధన అన్నామా, అది ఇంకా దూరం. తెల్లకోటు వేసుకుని బెంగుళూరులో చేసే పని అనుకునేవాళ్లు. ఉపన్యాసాలతో ఆ దూరం తగ్గదు. వాళ్ల వీధిలో ఉన్నదాని గురించి వాళ్లకే ప్రశ్న పుట్టాలి.

మొదట రాఘవతో మొదలుపెట్టాం. రాఘవ కళామందిరం ఊళ్లో అందరికీ తెలుసు, ఆ రాఘవ ఎవరో తరగతిలో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. మీ ఇండ్లలో పెద్దవాళ్లను అడగండి, విన్నది విన్నట్టు రాసుకుని రండి అన్నాను. ఒక్కటే నియమం పెట్టాను. కాగితం మీద పై వరుసలో "ఏ ఊరు, ఎవరి నోట" అని రాసి ఆ వివరం నింపాలి. లేకపోతే ఆ కాగితం చూడను.

చాలామంది ఖాళీ చేతులతో వచ్చారు. కురుగోడు మాత్రం రెండు పేజీలు నింపుకుని వచ్చాడు. ఎనభై దాటిన వాళ్ల తాత పిల్లవాడిగా బండి కట్టుకుని బళ్లారికి వచ్చి నాటకం చూశాడట. "పఠాను ఏషంలో ఆయప్ప రంగం మీదికొస్తే ఎనక కూసున్నోళ్లంతా లేసి నిలబడిరి. పద్యం గిద్యం ఏం లే, ఊరికే చూసినాడు అట్ల, మాకు గుండె దడ" అని తాత చెప్పిన మాటలు అదే యాసలో రాసుకొచ్చాడు. ఆ పఠాను పాత్ర పేరు రుస్తుం. నాటకం కోలాచలం శ్రీనివాసరావు రాసిన రామరాజు చరిత్ర. తాత నోటి నుంచి అంత వచ్చాక మిగిలింది నేను చెబితే పిల్లలు చెవులు నిక్కబొడుచుకుని విన్నారు. కోలాచలం వారు ఇక్కడి వకీలు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా ఇక్కడి వకీలే. 1886లో ఆచార్యులవారు సరసవినోదినీ సభ పెడితే శ్రీనివాసరావుగారు సుమనోరమ సభతో పోటీకి దిగారు. తెలుగు నాటకం నడక నేర్చుకున్న ఊళ్లలో ఇది ముందు వరుసలోది. ఆచార్యులవారి మేనల్లుడే రాఘవ. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగమెక్కేవాడు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి వాళ్లను రంగం మీదికి తెచ్చాడు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చాడు. 1946లో పోయాడు.

పాఠం అయ్యాక కురుగోడు నిలబడి అడిగాడు: "విజయనగరం ఓడిపోయిన కథను మన బళ్లారాయనే ఎందుకు రాసినాడు సార్? హంపి పక్కనుండాదనా?" నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కలిసి వెతుకుదాం అన్నాను. ఆ నాటకం ఒకవైపు, 1900లో అచ్చయిన రాబర్ట్ స్యూయెల్ పుస్తకం ఒకవైపు పెట్టుకుని ఆ ఏడాదంతా చదివాడు. కృష్ణరాయల కాలంలో వచ్చిన పేయస్, తర్వాత వచ్చిన నూనిజ్ అనే పోర్చుగీసువాళ్లు రాసుకున్నవి ఆ పుస్తకం వెనుక భాగంలో ఉన్నాయి. ఇంగ్లీషు మాటలకు నిఘంటువు తిప్పీ తిప్పీ అట్టలు ఊడిపోయాయి. నాటకం ఎక్కడ చరిత్ర వెంట నడిచింది, ఎక్కడ దాన్ని దాటిపోయింది అని కాగితం మధ్యలో గీత గీసి ఇటూ అటూ రాసుకున్నాడు. దాటిన చోట "రచయిత తప్పు" అని మొదట రాశాడు. నాలుగు నెలలు పోయాక తానే ఆ మాట కొట్టేసి "రచయిత ఇక్కడ ఎందుకు మార్చాడు?" అని రాసుకున్నాడు. ఆ కొట్టివేత చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది. సాహిత్యం చదవడం వాడికి ఆ రోజు వచ్చింది.

ఇక కుడతిని అమ్మాయి. బళ్లారి నుంచి హొసపేటకు పోయే దారిలో ఆ ఊరు. ఊరికి దగ్గర్లో పెద్ద బూడిద దిబ్బ ఉంది. చిన్నప్పటి నుంచి చూసిన దిబ్బే గనక ఆ అమ్మాయికి అది వింత కాదు. ఒక రోజు తరగతిలో రామాయణం మాట వచ్చింది. హంపి దగ్గర నింబాపురంలో ఇట్లాంటి దిబ్బనే వాలిని దహనం చేసిన బూడిద అంటారని ఎవరో అన్నారు. వెంటనే ఆ అమ్మాయి లేచింది. "అది వాలిదైతే మా ఊర్దెవురిది సార్?"

ఇంతకంటే మంచి ప్రశ్న నా ఉద్యోగకాలంలో ఎవరూ అడగలేదు. మరుసటి ఆదివారం అందరం కుడతిని బస్సెక్కాం. దేన్నీ తవ్వకూడదు, రాయి కూడా జేబులో వేసుకోకూడదు అని ముందే చెప్పాను. దగ్గరికి వెళ్లి చూస్తే పొరలు పొరలుగా బూడిద, మధ్యమధ్య కరిగి గట్టిపడిన గాజులాంటి పెళ్లలు. పెళ్ల నిండా బుడగల తొర్రలు. చూస్తే బండరాయిలా ఉంటుంది, చేత్తో కదిపితే బెండులా తేలిక.

అక్కడే నీడకు కూర్చుని ఆ దిబ్బల కథ చెప్పాను. పంతొమ్మిదో శతాబ్దంలో వీటిని చూసిన తెల్లదొరలు తలా ఒక మాట అన్నారు. అగ్నిపర్వతం బూడిద అన్నారు, ఇటుక బట్టీలన్నారు, యుద్ధంలో చచ్చినవాళ్ల చితులన్నారు. బళ్లారి కొండలన్నీ తిరిగిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అది పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. నమ్మినవాళ్లు నమ్మారు, లేనివాళ్లు లేదు. చివరికి మన పాలమూరు జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ దొర తవ్వితే బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలూ కనబడ్డాయి. 1963లో ఆయన దానిమీద పుస్తకమే వేశాడు. నాలుగైదు వేల ఏళ్ల కిందట ఇక్కడ ఆవులూ ఎద్దులూ మేపుకున్న జనం దొడ్లలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాలిస్తే ఏర్పడిన దిబ్బలివి. ఎందుకు కాల్చారన్నది మాత్రం ఇంకా తెగలేదు.

తెగలేదు అన్న మాట ఆ అమ్మాయిని పట్టుకుంది. పుస్తకాల్లో అన్నీ తెగిపోయి ఉంటాయని అనుకున్నదట. రెండు వారాల తర్వాత నోటుబుక్కు తెచ్చి చూపించింది. వాళ్ల అవ్వ పిడకల గూడులోంచి తట్టెడు పిడకలు అడిగి తీసుకుని పెరట్లో కుప్ప వేసి కాల్చింది. గంటగంటకూ చూసి రాసింది. చివర్లో ఇట్లా ఉంది: "మా ఇంటి బూడిద మెత్తగా, తెల్లగా ఉంది. దిబ్బలోది గాజు మాదిరి గట్టిగా ఉంది. ఎంత కుప్ప వేసి ఎన్నాళ్లు కాలిస్తే పేడ కరిగి గాజవుతుంది?" ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి వారమంతా తుడవనివ్వలేదు. ఇది చదివి ఎమ్మే పిల్లలు కూడా నేర్చుకోవాలని ఇప్పటికీ నా నమ్మకం.

"అయితే వాలి కథ అబద్ధమా సార్?" అని కూడా అడిగింది. అబద్ధం అనే తొందర వద్దన్నాను. తమ ఊరి పక్కన అర్థం కాని బూడిద కనబడితే జనం దాన్ని కిష్కింధతో ముడిపెట్టుకున్నారు. ఆ ముడి ఎప్పుడు పడింది, ఎవరు చెబుతారు, ఏ పండగకు చెబుతారు అన్నది మరో పరిశోధన. బూడిదకు ఒక పుస్తకం పెట్టు, వాలికి ఒక పుస్తకం పెట్టు, రెండింటినీ కలపకు, రెండింటినీ పారేయకు అన్నాను.

2004లో సంగనకల్లు కొండల్లో మోగే రాళ్ల గురించి పేపర్లో వార్త వచ్చింది. బళ్లారి పక్కనే ఉన్న కొండ. నల్లరాతి బండల మీద పొడిచి గీసిన పొడుగు కొమ్ముల ఎద్దులు, రాయితో కొడితే గంటలా మోగే తావులు. మా రూపనగుడి కుర్రవాడి నాన్న క్వారీలో రాళ్లు కొట్టేవాడు. ఏ రాయి మోగుతుందో, ఏది బద్దలవుతుందో వాడికి నాకంటే బాగా తెలుసు. పిల్లలతో ఆ కొండ ఎక్కిన రోజు పాఠం వాడే చెప్పాడు, నేను విన్నాను. పక్క గుట్టలో కంకర మిషను ఆగకుండా నడుస్తూనే ఉంది.

ఆ కొండమీదే బెండపూడి సుబ్బారావుగారి పేరు చెప్పాను. 1946లో డాక్టరేటు విద్యార్థిగా పూనా దక్కన్ కాలేజీ నుంచి వచ్చి సంగనకల్లులో తవ్వకం చేసిన తెలుగువాడు. బళ్లారి రాతియుగం మీద ఆయన రాసిన పుస్తకం 1948లో వచ్చింది. దేశంలో పురాతత్వం చదివేవాళ్లు ఈనాటికీ దాన్ని తిరగేస్తారు. తర్వాత బరోడాలో ఆచార్యుడయ్యాడు. "అంటే మన మాదిరి స్టూడెంటే?" అని రూపనగుడి అడిగాడు. అవును, మీ మాదిరి విద్యార్థే, మీ ఊరి కొండనే చదువుకున్నాడు అన్నాను.

ఇవన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. అవి ఇనుప ఖనిజం ధర ఆకాశానికంటిన సంవత్సరాలు. సండూరు కొండల నుంచి టిప్పర్లు రాత్రీ పగలూ ఎర్రదుమ్ము లేపుకుంటూ పోయేవి. స్టీరింగు పట్టుకోవడం వచ్చిన కుర్రవాడికి నెలకు వచ్చే డబ్బు చూస్తే చదువు వెలవెలబోయేది. తరగతిలో బాగా చదివే మగపిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యారు. కురుగోడు కూడా పోయాడు. వాళ్ల నాన్న కాలేజీకి వచ్చి నన్ను నిలదీశాడు: "నాటకం, రామరాజు అంటా కూసుంటే ఇంట్లో పొయ్యి మండుతాదా సార్?" మండదు. ఆ సంగతి ఒప్పుకున్నాను. అయితే ఆయనకు ఒక మాట చెప్పాను. మీవాడు రెండు పుస్తకాలు పక్కన పెట్టుకుని దేన్ని ఎంత నమ్మాలో తేల్చుకోవడం నేర్చుకున్నాడు, ఆ పని వచ్చినవాణ్ణి ఎవరూ సులువుగా మోసం చేయలేరు, మీ ఇంటికి అది కూడా కావాలి. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి గనులు ఆపేసింది. టిప్పర్లు రోడ్ల పక్కన వరుసగా నిలబడిపోయాయి. కురుగోడు తిరిగి వచ్చి పరీక్షలు కట్టాడు. ఆ అట్టలు ఊడిన నిఘంటువు నా బీరువాలో ఉంచాను, తీసి ఇచ్చాను.

చదివించే విషయంలో ఈ జిల్లాకు ఒక వరం ఉంది. రెండు సాహిత్యాలు చేతికందే దూరంలో ఉన్నాయి. కొట్టూరు మనిషి కుం. వీరభద్రప్ప కన్నడంలో పెద్ద నవలాకారుడు, 2007లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నాడు. ఆయన ఏళ్ల తరబడి బడిపంతులుగా పనిచేసింది సరిహద్దుకు ఆవల, ఆంధ్ర పల్లెల్లో. ఆయన కథలో కన్నడంలో మాట్లాడే రైతు మనసులో తెలుగులో తిట్టుకుంటాడా అని మా పిల్లలు వాదించుకునేవాళ్లు. ఆ కథలు తెలుగు చేసి తెమ్మంటే పాఠం చెప్పినదానికంటే ఎక్కువ నేర్చుకున్నారు. ఏ భాషలో ఏది ఒదగదో అప్పుడు తెలుస్తుంది.

ఒక చలికాలం గుంతకల్లు మీదుగా రైల్లో కడపకు తీసుకుపోయాను, బ్రౌన్ గ్రంథాలయం చూపించడానికి. దాన్ని నిలబెట్టిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పుట్టింది రాయదుర్గం, అప్పట్లో అది బళ్లారి జిల్లాయే. బ్రౌన్ నివసించిన చోట గ్రంథాలయం కావాలని ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసిన మనిషి. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు దొర బ్రౌన్ సొంత జీతంతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, ఏ ప్రతిలో ఏ మాట ఉందో పక్కపక్కన రాయించేవాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేసింది అట్లాగే. ఇది విన్నప్పుడు మోకా అమ్మాయి కళ్లు మెరిశాయి. తిరుగు రైల్లో నా పక్కన వచ్చి కూర్చుని, "సార్, మా అవ్వ కలుపు పాటకు ఇట్ల చేయొచ్చునా?" అంది.

ఆ అమ్మాయి చాలా తక్కువ మాట్లాడేది. వాళ్ల అవ్వ పత్తిచేలో కలుపు తీసేటప్పుడు పాడే పాట ఒకటుంది. అత్తింటికీ, తమ్ముడున్న పుట్టింటికీ మధ్య అక్క నలిగే కథ అది. చేలో పక్క సాలులో ఉన్నామె ఇంకోలా పాడుతుంది, చుట్టాల ఊర్లో ఇంకోలా పాడతారు. అమ్మాయి పొడవాటి లెక్కల పుస్తకం కొని అడ్డంగా తిప్పి గీతలు గీసింది. ఒక్కో ఊరికి ఒక్కో గడి. ప్రతి గడి నెత్తిన ఏ ఊరు, ఎవరి నోట, వయసెంత, ఎవరి దగ్గర నేర్చుకుంది. తెలుగు మాటకు నీలి సిరా, కన్నడ మాటకు ఎర్ర సిరా. పుస్తకం నిండేకొద్దీ ఒక సంగతి తేటపడింది. ఆలూరు వైపు నుంచి కాపురానికి వచ్చినవాళ్ల గడులు దాదాపు అంతా నీలం. సిరుగుప్ప వైపు వాళ్లవి సగం ఎరుపు. మోకాలో అయితే ఒకే చరణం నీలంతో మొదలై ఎరుపుతో ముగుస్తుంది, ప్రాస మాత్రం తప్పదు.

1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రానికి వచ్చింది. ఆ తారీఖు పిల్లలు పరీక్షకు బట్టీ పట్టిందే. పాట వెంట పోతే అదే తారీఖు వాళ్ల అవ్వల పెళ్లిళ్లలోకి వచ్చింది. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టినిల్లు ఒక రాష్ట్రంలో. గీత గీసినవాళ్లకు పాట అడ్డం రాలేదు, పాటకు గీత అడ్డం రాలేదు. ఈ మాట ఆ అమ్మాయిదే, తన వ్యాసంలో రాసింది. ఎట్లా తోచిందని అడిగితే సిగ్గుపడింది.

ఏడాది చివర పిల్లల వ్యాసాలు చదివించే సభ పెట్టాం. బళ్లారి సభల్లో దండలూ శాలువాలూ ఎక్కువ. మేము వేదిక మీద కుర్చీలు వేయలేదు. ఎవరి నోటి మాట ఎవరు రాసుకున్నారో ఆ పెద్దవాళ్లనే పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాం. కురుగోడు తాత అప్పటికి లేడు. కుడతిని అమ్మాయి పెళ్లయి చిత్రదుర్గం వెళ్లినా సభకు వచ్చింది, వాలి పుస్తకం చంకలో పెట్టుకుని. బూడిద పుస్తకం ఇంట్లో పోయిందట, దానికి చాలా బాధపడింది.

మోకా అమ్మాయి పాట చదవడం మొదలుపెట్టింది. చదువుతుంటే ముందు వరుసలోంచి వాళ్ల అవ్వ లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుని, "అట్ల కాదు మే. తమ్ముడు వాకిట్లోకి వచ్చినంక ఇంగొక చరణముండాది. నువ్వడిగినప్పుడు గుర్తురాలే" అని ఎత్తుకుంది. మైకు అక్కర్లేని గొంతు. సగం పాడేసరికి వెనుక కూర్చున్న మరో ఇద్దరు ముసలమ్మలు కలిశారు, అయితే వాళ్ల మాటలు వేరే. ముగ్గురూ ఒకరినొకరు ఆపి దిద్దుకోవడం మొదలుపెట్టారు. సభ అంతా నవ్వులు. కొందరు నా వైపు చూశారు, ఆపమన్నట్టు. నేను కదల్లేదు.

అమ్మాయి నవ్వలేదు. వ్యాసం కాగితాలు పక్కన పెట్టి, లెక్కల పుస్తకం తెరిచి వేదిక దిగి వచ్చి అవ్వ ముందు కింద కూర్చుంది. "ఈ చరణం యాడ నేర్చినావవ్వా? ఎవురి నోట?"

"ఆలూరులో. మా మేనత్త కూతురు పాడుతాండె. ఇంగా బతికే ఉండాది."

కొత్త గడి గీసి నెత్తిన ఆలూరు అని రాసింది. ఆ తర్వాత, గొంతు కలిపిన ముసలమ్మల్లో ఆలూరు ఆమె వైపు తిరిగి, ఆదివారం పొద్దున ఆలూరుకు బస్సు ఎన్ని గంటలకని అడిగింది.